హమ్మస్‌లో పోపు నిషేధం

కాబూలీ శనగల వినియోగ ప్రోత్సాహక మండలి పని జనం చేత కాబూలీ శనగలు తినిపించడం. మండలి పుట్టక ముందు నుంచీ జనం శనగలు తింటూనే ఉన్నారు గానీ, మండలి చెప్పిందని తిన్నవాడు ఒక్కడూ లేడు. ఒంగోలులోని ప్రధాన కార్యాలయంలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ మనసు కష్టపెట్టుకోలేదు. వేళకు రావడం, వేళకు పోవడం, మధ్యలో టీ తాగడం చక్కగా సాగిపోతూ ఉండేవి.

ఆ ప్రశాంతత, మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారు అధ్యయన యాత్ర ముగించుకుని తిరిగొచ్చిన రోజున చెదిరిపోయింది.

పరాంకుశం గారు పశ్చిమాసియా దేశాలు తిరిగి శనగలను అధ్యయనం చేసి వచ్చారు. అక్కడ ఏ హోటల్లో కూర్చున్నా ముందుగా ఒక పళ్లెంలో తెల్లటి ముద్ద పరిచి, మధ్యలో గుంట చేసి, ఆ గుంటలో నూనె పోసి పెట్టారట. మొదటి రోజు ఏదో పొరపాటున పెట్టారనుకున్నారు. రెండో రోజు రుచి తెలిసింది. తిరుగు ప్రయాణం నాటికి, మన గోడౌన్లలో పేరుకుపోయిన శనగలన్నిటికీ మోక్షం ఇందులోనే ఉందన్న సత్యం ఆయనకు బోధపడింది.

సిబ్బందినంతా సమావేశపరిచి చెప్పారు.

"హమ్మస్! ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, ఆలివ్ నూనె. ఇంతే. దీన్ని మన రాష్ట్రంలో ప్రతి ఇంటా తయారు చేయించాలి. ముందు మన ఇంట, తర్వాత ఇంటింటా. ఇది మన ఉద్యమ నినాదం."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక, రికార్డుల సెక్షన్లో పనిచేసే ఆదిలక్ష్మి లేచి నిలబడింది. ఆవిడకు అర్థం కానిది అడిగేసే అలవాటుంది. అందువల్లే చాలా ఏళ్లుగా రికార్డుల సెక్షన్లో ఉంది.

"అంటే శనగ పచ్చడే గదా సార్?"

పరాంకుశం గారి ముఖం ఎర్రబడింది. "పచ్చడి అన్న మాట ఈ ఆవరణలో ఇంకోసారి వినపడకూడదు" అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వులు వెలువడ్డాయి. మండలి ఉద్యోగులు తమ ఇంట, తమ స్వహస్తాలతో హమ్మస్ తయారు చేసి, 'గృహ హమ్మస్ ధ్రువపత్రము' పొందవలెను. ధ్రువపత్రము లేనివారికి ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు మంజూరు కావు.

ఆ ఉత్తర్వు చదువుకుని అందరికంటే ఎక్కువ నీరుగారిపోయినవాడు సీనియర్ అసిస్టెంటు మాలకొండయ్య.

మాలకొండయ్య భార్య విశాల గిద్దలూరు ఆసుపత్రిలో నర్సు. కూతురు లహరికి అయిదేళ్లు. ఇతను ఒంగోలులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. శనివారం రాత్రి బస్సెక్కడం, ఆదివారం సాయంత్రం మళ్లీ బస్సెక్కడం, మధ్యలో కూతురికి తండ్రి అనిపించుకోవడం. పెళ్లయినప్పటి నుంచీ బతుకు ఇలాగే ఉంది. గిద్దలూరులో మండలికి ఒక ఉపకార్యాలయం ఉంది. అందులో ఉన్న ఒక్క గుమాస్తా రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగా పడి ఉంది. గిద్దలూరు పేరు చెబితే చాలు, ప్రధాన కార్యాలయంలో మిగతా ఉద్యోగులకు ఒళ్లు వెచ్చబడేది. అటువంటి చోటికి తనను వెయ్యమని మాలకొండయ్య అర్జీ పెట్టుకున్నాడు. అడిగి మరీ పోతానన్నవాడి ఉద్దేశం ఏమై ఉంటుందో తేల్చుకోవడానికి పై అధికారులకు కొంతకాలం పట్టింది. చివరికి భార్యాభర్తలు ఒకే ఊళ్లో ఉండాలన్న ప్రాతిపదిక మీద సరేనన్నారు. ఇంకొక్క సంతకం పడితే సరిపోయేది. సరిగ్గా అప్పుడే హమ్మస్ అడ్డం వచ్చింది.

అయితే అతను అంత తొందరగా దిగులు పడే మనిషి కాదు. ఆ రాత్రే గదిలో గిన్నెడు శనగలు నానబోసి, మర్నాడు విశాలకు ఫోన్ చేశాడు.

"ఉడికేటప్పుడు చిటికెడు వంటసోడా వెయ్యండి, మెత్తగా అవుతాయి" అంది విశాల. "పొట్టు తియ్యాల. ఓపిగ్గా తియ్యండి. నువ్వులు దోరగా వేయించి ముందే ముద్ద చేసుకోండి. మాడనిచ్చేరు, చేదొస్తది. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు కొంచెం కొంచెం పొయ్యండి, తెల్లగా వస్తది."

"నీకివన్నీ ఎట్టా తెలుసు?"

"ఏముంది అందులో? పచ్చడి రుబ్బడమేగా!"

"ఆ మాట అనబాకే. ఫోన్లో కూడా అనబాక."

ఆలివ్ నూనె ఎక్కడా దొరక్క నువ్వుల నూనె పోశాడు. ఇంటి ఓనరుగారి మిక్సీ అడిగి తెచ్చుకుని రుబ్బాడు. ముద్ద వెన్నలా వచ్చింది. స్టీలు డబ్బాలో పెట్టుకుని, మధ్యలో గుంట చెరిగిపోకుండా డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఆఫీసుకు నడిచి వెళ్లాడు. పరిపాలనాధికారి వైకుంఠరావు గారి ముందు పెట్టాడు.

వైకుంఠరావు గారు ఇంట్లో ఎలా మాట్లాడతారో ఎవరికీ తెలియదు గానీ, ఆఫీసులో మాత్రం ఉత్తర్వు చదువుతున్నట్టే మాట్లాడతారు. ఆయన డబ్బా మూత తీసి చూశారు.

"ఇది ఎచ్చట తయారైనది?"

"నా గదిలో సార్."

"గదికి వంటగది ఉన్నదా?"

"స్టౌ ఉంది సార్, మంచం పక్కన."

"మంచం పక్కన స్టౌ ఉన్నచో అది పడకగది అగును. పడకగది హమ్మస్ గురించి ఉత్తర్వులలో ప్రస్తావన లేదు. 'ఇల్లు' అనగా ఉద్యోగి కుటుంబ సభ్యులు నివసించు స్థలము. మీ కుటుంబము ఎచ్చట ఉన్నది?"

"గిద్దలూరులో సార్."

"అచ్చట చేయుడు."

"ఆదివారం వెళ్లినప్పుడు చేసుకొస్తాను సార్."

"ఆదివారము చేసిన హమ్మస్‌కు సాక్షి ఎవరు?"

"మా ఆవిడే సార్."

"ఆమె ఇందు ప్రయోజనము గల పక్షము. పనిదినమున, అధికారి సమక్షమున చేయవలెను."

"పనిదినం ఇంట్లో ఉండాలంటే సెలవు పెట్టాలి గదా సార్. సెలవు ఇవ్వాలంటే ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రం కావాలంటే ఇంట్లో చెయ్యాలి..."

వైకుంఠరావు గారు కళ్లజోడు తీసి, మాలకొండయ్యను మెచ్చుకోలుగా చూశారు.

"మీరు సమస్యను చాలా స్పష్టముగా అర్థము చేసుకున్నారు. చాలామందికి ఇంత స్పష్టత ఉండదు" అని డబ్బా వెనక్కి నెట్టారు.

ఆ వారమే ఉద్యమం ఇంకో మలుపు తిరిగింది. తొలి విడతగా ఉద్యోగులు తెచ్చిన హమ్మస్‌లు రుచి చూడడానికి పరాంకుశం గారు స్వయంగా కూర్చున్నారు. మొదటి గిన్నె మూత తీశారు. పైన ఎండుమిరపకాయలు, ఆవాలు, కరివేపాకు తేలుతున్నాయి. రెండో గిన్నెలో వాటితోపాటు ఇంగువ కూడా ఉంది. మూడో గిన్నె తెచ్చినాయన, మినప్పప్పు కరకరలాడడం మీద ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నానని సవినయంగా మనవి చేసుకున్నాడు.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. గిన్నె దూరంగా నెట్టారు.

"పోపు పెట్టిన మరుక్షణం అది ఏమవుతుందో మీకందరికీ తెలుసు. ఆ మాట నా నోటితో అనలేను. దాన్ని ప్రోత్సహించడానికి ప్రభుత్వం మనల్ని నియమించలేదు."

అలా హమ్మస్‌లో పోపు నిషేధం వచ్చింది. నిషేధం అమలు చేయడానికి పోపు నిరోధక బృందం ఏర్పడింది. వైకుంఠరావు గారు దానికి అధ్యక్షులు. గోడౌను ఇన్‌స్పెక్టరు శరభయ్య రుచి పరిశీలకుడు. ఇద్దరూ జీపు వేసుకుని ఉద్యోగుల ఇళ్లకు వెళ్లేవారు. వెళ్లగానే తలుపు తట్టేవారు కాదు. ముందు వంటింటి కిటికీ కింద నిలబడి, ఆవాలు చిటపటలాడుతున్నాయేమో చెవి ఒగ్గి వినేవారు.

ఆదిలక్ష్మి ఇంట్లో చిటపట వినబడింది. లోపలికి దూసుకుపోయారు.

"అది సాంబారుకండీ!" అని ఆవిడ గరిటె పట్టుకునే మొత్తుకుంది. "హమ్మస్ అదుగో, ఆ మూల దిక్కులేకుండా పడుంది."

"ఆ పోపు ఉద్దేశము సాంబారా, హమ్మసా అన్నది ఉపసంఘము తేల్చును" అన్నారు వైకుంఠరావు గారు. అది తేలేవరకూ ఆవిడ ఇంక్రిమెంటు ఆపేశారు. మర్నాటి నుంచి మండలి ఉద్యోగుల ఇళ్లలో చారుకు కూడా పోపు పెట్టడానికి జనం భయపడ్డారు. పెట్టక తప్పని వాళ్లు టీవీ గట్టిగా పెట్టి, ఆ సందట్లో ఆవాలు వేసేవారు.

మాలకొండయ్య మాత్రం వైకుంఠరావు గారి గది ముందు రోజూ నిలబడుతూనే ఉన్నాడు. నిలబడగా నిలబడగా వైకుంఠరావు గారికే ఒక ఉపాయం తట్టింది.

"మా బృందము గిద్దలూరు రావచ్చును. తనిఖీ ఫైలు మోయుటకు ఒక ఉద్యోగి అవసరము. మీరు ఆ ఫైలు మోయుదురు గాక. కావున అది సెలవు కాదు, డ్యూటీ. గడప వరకు మీరు తనిఖీ బృంద సభ్యులు. గడప దాటిన పిమ్మట తనిఖీ చేయబడు కుటుంబీకులు."

మాలకొండయ్య చేతులు జోడించాడు. తన ఇంటిని తనిఖీ చేసే ఫైలు తానే ఒళ్లో పెట్టుకుని, జీపు వెనక సీట్లో కూర్చుని గిద్దలూరు బయలుదేరాడు.

జీపు రెండుచోట్ల ఆగిపోయింది. దారిలో ఎక్కడా తిండి దొరకలేదు. ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. లహరి వాకిట్లో ఆడుకుంటోంది. జీపులోంచి దిగుతున్న తండ్రిని చూసి ఆట ఆపేసింది. పరుగెత్తుకొచ్చి అతని కాళ్లకు చుట్టుకుని, లోపలికి తిరిగి అరిచింది.

"అమ్మా! ఇయ్యాల ఆదివారమా?"

మాలకొండయ్య గబుక్కున వంగాడు. కూతుర్ని ఎత్తుకోబోయి, చేతిలో ఫైలు ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగాడు. విశాల అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, ఇంకా తెల్లచీరలోనే ఉంది. గుమ్మంలోకొచ్చి ముగ్గురినీ చూసి, "రండి, లోపలికి రండి. కాళ్లు కడుక్కోండి" అంది.

"ముందు తనిఖీ" అన్నారు వైకుంఠరావు గారు.

మాలకొండయ్య గడప దాటి, ఫైలు వైకుంఠరావు గారికి అప్పగించి కుటుంబీకుడయ్యాడు. శనగలు విశాల ముందే ఉడికించి, పొట్టు తీసి ఉంచింది. రుబ్బడం, కలపడం అతనే చేశాడు. పళ్లెంలో పరిచి, గరిటె వెనకతో గుంట చేసి, నూనె పోశాడు. గుంట గుండ్రంగా వచ్చింది.

శరభయ్య చెంచాడు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ మనిషి అప్పటికే చిక్కి సగమయ్యాడు. జిల్లాలో ఏ ఉద్యోగి గడప తొక్కినా అదే తెల్లటి ముద్ద. ఇంటికెళ్తే భార్య చారులో కూడా పోపు వెయ్యడం లేదు, భర్త నిరోధక బృందంలో ఉన్నాడు కాబట్టి.

"నిబంధనల ప్రకారం ఉంది సార్. ఏ తప్పూ లేదు" అన్నాడు నీరసంగా.

వైకుంఠరావు గారు కూడా రుచి చూసి, తల పంకించి, సంతకం చేయడానికి పెన్ను తీశారు.

"ఆగండి, ఆగండి" అంది విశాల. "సంతకం ఏడికీ పోదు. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేరు. ఆ ముఖాలు చూస్తే తెలుస్తానే ఉంది. మా వార్డులో రోగులు కూడా ఇంతకన్నా నయం. ముందు అన్నం తినండి. కూర వండేంత టైము లేదు, ఉన్నదాంతోనే సర్దుతా."

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఏం జరగబోతోందో మాలకొండయ్యకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. "విశాలా!" అని లేచేలోపే లోపల నూనె కాగింది. ఆవాలు చిటపటమన్నాయి. ఎండుమిరపకాయల ఘాటు, వెనకే కరివేపాకు, ఆ వెనక ఇంగువ, వరసగా హాల్లోకి వచ్చాయి.

శరభయ్య కళ్లవెంట నీళ్లు కారాయి. అవి ఘాటుకు వచ్చినవి మాత్రం కావు.

విశాల పెద్ద గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. పొగలు కక్కే అన్నం, నెయ్యి, పైన పోపు మెరుస్తున్న హమ్మస్. తనిఖీ పళ్లెంలోది కూడా ఆ గిన్నెలోనే కలిపేసింది. వైకుంఠరావు గారు పెన్ను జేబులో పెట్టుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక, కంచంలో ఉన్నదంతా తినేదాకా తల ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన నోటి వెంట వచ్చింది ఒక్కటే మాట.

"ఇంకొంచెం వేస్తావా అమ్మా?"

ఉత్తర్వులు కాని భాషలో ఆయన మాట్లాడడం మాలకొండయ్య వినడం అదే మొదటిసారి. ప్రాణం లేచొచ్చింది. ఇక భయం లేదనుకున్నాడు.

గిన్నె ఊడ్చినట్టు ఖాళీ అయింది. వైకుంఠరావు గారు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, కుర్చీలో కూర్చుని పెన్ను తీశారు. రాస్తున్నది పైకి చదివారు.

"తనిఖీ ముగియక మునుపే సదరు హమ్మస్‌లో ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువతో కూడిన పోపు కనుగొనబడినది."

"సార్!" అన్నాడు మాలకొండయ్య. "మీరే తిన్నారు గదా సార్!"

"తిన్నాను గనుకనే ప్రత్యక్ష సాక్షిని."

"మీరు ఆకలితో ఉన్నారని పెట్టా గదండీ!" అంది విశాల.

"అది మా పట్ల మీ ఆదరణ. దానికి మేము వ్యక్తిగతముగా కృతజ్ఞులము. బృందముగా మాత్రము మేము కళ్లు మూసుకొనజాలము."

శరభయ్య తల వంచుకుని, చూపుడువేలు వాసన చూసుకుంటూ కూర్చున్నాడు.

బయలుదేరేటప్పుడు విశాల గుమ్మం దగ్గర మొగుడి మొహం చూడలేకపోయింది. "నా చేతులారా చేశానే" అంది. "పోనీలే, ఇంటికొచ్చినోళ్లని పస్తులుంచి పంపుతామా" అన్నాడతను. లహరి చెయ్యి వదల్లేదు. మళ్లీ ఎప్పుడొస్తావని అడిగితే ఆదివారం అని చెప్పి, ఫైలు ఒళ్లో పెట్టుకుని జీపెక్కాడు. ఒంగోలు చేరేదాకా ఆ ఫైలు బరువు తొడల మీద తెలుస్తూనే ఉంది.

నివేదిక చదివి పరాంకుశం గారు బల్ల గుద్దారు. తనిఖీ బృందం కళ్లెదుటే, సాక్షాత్తూ మండలి ఉద్యోగి ఇంట్లో పోపు! ఇది అజాగ్రత్త కాదు, తిరుగుబాటు. ఇలాంటి మనిషి ప్రధాన కార్యాలయంలో ఉంటే మిగతా వాళ్లు కూడా చెడిపోతారు. మండలి చరిత్రలోనే లేనంత కఠినమైన శిక్ష పడాలన్నారు. ఉత్తర్వు తయారు చేసే బాధ్యత వైకుంఠరావు గారిదే.

ఉత్తర్వు వచ్చిన రోజు మాలకొండయ్య దాన్ని సీట్లో కూర్చుని చదువుకున్నాడు. ఒకసారి చదివి, నమ్మకం కుదరక మళ్లీ చదివాడు.

'పోపు నేరము రుజువైనందున, సదరు ఉద్యోగిని ప్రధాన కార్యాలయము నుండి తొలగించి, మండలి పరిధిలో ఎవరును వెళ్లుటకు ఇష్టపడని గిద్దలూరు ఉపకార్యాలయమునకు తక్షణమే పంపడమైనది. ఇతడు కుటుంబముతో కలిసి అచ్చటనే నివసించుచు, ప్రతి మూడు నెలలకొకసారి తనిఖీ బృందము సమక్షమున పోపు లేని హమ్మస్ తయారు చేయవలెను. అందులో ఉత్తీర్ణుడైన నాడు శిక్ష రద్దయి, ఇతనిని సగౌరవముగా ప్రధాన కార్యాలయమునకు వెనుకకు రప్పించడమగును. ఉత్తీర్ణుడు కానంతకాలము అచ్చటనే పడియుండవలెను.'

గదిలో అందరూ అతని వైపే జాలిగా చూస్తున్నారు. రికార్డుల కట్ట తీసుకోవడానికి వచ్చినట్టు ఆదిలక్ష్మి పక్కకు వచ్చి, పెదవులు కదపకుండా అంది.

"ఏడవండి సార్. ఎండీ గారు తన గది అద్దాల తలుపులోంచి చూస్తన్నారు."

మాలకొండయ్య రుమాలు తీసి మొహం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చూసినవాళ్ల గుండెలు తరుక్కుపోయాయి. అటెండరు పరుగెత్తి మంచినీళ్లు తెచ్చాడు.

చార్జి అప్పగించేటప్పుడు మాలకొండయ్య ఆగలేక అడిగాడు. "సార్, నేను గిద్దలూరుకే బదిలీ అడిగాను గదా. ఆ అర్జీ మీ దగ్గరే ఉంది. ఈ ఉత్తర్వు రాసేటప్పుడు మీకు..."

"అది కోరిక ఫైలు" అన్నారు వైకుంఠరావు గారు తల ఎత్తకుండా. "ధ్రువపత్రము లేనందున తిరస్కరించడమైనది. ఇది శిక్ష ఫైలు. రెంటికిని సంబంధము లేదు. వెళ్లి శిక్ష అనుభవించుడు."

ఆ రోజు బుధవారం. మాలకొండయ్య ట్రంకుపెట్టె, స్టౌ, పరుపుచుట్టతో బస్సు దిగి ఇంటికి వచ్చాడు. లహరికి వారాలు అర్థమయ్యేలా చెప్పడానికి ఆ రాత్రి తల్లీతండ్రీ చాలా తంటాలు పడ్డారు. ఆదివారం కాకపోయినా నాన్న ఇంట్లో ఉండొచ్చన్న సంగతి ఆ పిల్ల నాలుగు రోజుల దాకా నమ్మలేదు. పొద్దున్నే లేచి, పరుపు మీద ఉన్నాడో లేడో తడిమి చూసుకునేది.

శిక్ష మొదలై మూడు నెలలు నిండాయి. తనిఖీ రోజు రానే వచ్చింది. ఈసారి జీపు దారిలో ఎక్కడా ఆగలేదు. భోజనాల వేళ కంటే చాలా ముందే వచ్చి వాకిట్లో నిలబడింది. వైకుంఠరావు గారు దిగారు. శరభయ్య దిగాడు. అలవాటు ప్రకారం ఇద్దరూ వంటింటి కిటికీ కింద నిలబడి చెవులు ఒగ్గారు.

ఏమీ వినబడలేదు. గాలి పీల్చి చూశారు. వాసన కూడా లేదు.

శరభయ్య మొహం పాలిపోయింది. వైకుంఠరావు గారు గబగబా గుమ్మంలోకి వచ్చారు. లోపల పళ్లెంలో హమ్మస్ తెల్లగా, నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉంది. ఆయన గొంతులో ఎన్నడూ లేని ఆందోళన వినిపించింది.

"ఏమిటండీ మాలకొండయ్య గారూ ఇది? మీరు సంస్కరింపబడితిరా?"

"అయ్యో, లేదు సార్!" అన్నాడు మాలకొండయ్య కంగారుగా. "ముందే పెడితే చల్లారిపోతదని, మీరొచ్చి కూర్చున్నాక వేడివేడిగా వేద్దామని ఆగాం. విశాలా, నూనె పొయ్యి మీద పెట్టు!"

వైకుంఠరావు గారు గట్టిగా ఊపిరి వదిలి, బూట్లు విప్పసాగారు.